దారిలో తగ్గిన బరువు

మా ఇంట్లో ఏటా ఒక బస్తా మిరపకాయలు లెక్కలోకి రాకుండా పోయేవి. మా అత్తగారి కాలం నుంచీ అంతే. రెండో కోత కాయ బాగా ఎండి కల్లం మీద ఎర్రగా పరుచుకున్నప్పుడు, తాలు తగలని కాయని, రంగు తిరగని కాయని విడిగా ఏరి ఒక బస్తాకి ఎత్తేవాళ్ళం. అది ఇంటి ఆడపిల్లది. మా ఊళ్ళో ఆడపిల్ల ఎక్కడ కాపురం చేస్తున్నా, ఏడాది పొడుగునా వంటకి వాడే కారం, ఎండాకాలం ఆవకాయలో కలిపే కారం పుట్టింటి కాయతోనే పట్టించుకోవాలి. అంగట్లో కారం కొనుక్కుంటోందంటే ఆ పిల్లకి వెనకా ముందూ ఎవరూ లేరని నలుగురూ అనుకుంటారు. అత్తింట్లో ఎవరూ పైకి ఏమీ అనరు. కూరలో కారం వేసేటప్పుడల్లా ఆ పిల్లకే గుర్తొస్తుంది.

నేను ఈ ఇంటి కోడల్ని. ఆ ఆడపిల్ల మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అనుకోవడం లోకానికి సరదా. మా ఇద్దరినీ చూసి చాలామంది నిరాశపడ్డారు. నాది తెనాలి వైపు, వరి తప్ప మరో పంట ఎరగను. కాపురానికొచ్చిన మొదటి ఏడు కల్లంలో కాయలు ఏరి, ఆ చేత్తోనే కళ్ళు నులుముకుని ఊరంతా వినిపించేలా ఏడ్చాను. నా చేతులకి కొబ్బరినూనె రాసింది తనే. మీ వైపు మిరపకాయని దూరం నుంచి చూసి దణ్ణం పెడతారా వదినా అని పడీపడీ నవ్విందీ తనే. మంచి కాయ గలగలమని ఎలా మోగుతుందో, తాలుకాయ అరచేతిలో ఎంత తేలిగ్గా ఉంటుందో తను నేర్పితేనే నాకు తెలిసింది. అప్పటికి తనకింకా పెళ్ళి కాలేదు. ఇద్దరం ఒకే గోనెపట్టా మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఏరేవాళ్ళం.

మా మామగారు పోయాక తను తన వాటా అడిగింది. అడగడం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. మా ఆయన మాత్రం దాన్ని వాటా అనుకోలేదు, తన మీద నమ్మకం లేకపోవడం అనుకున్నాడు. చెల్లెలికి కావలసినదంతా తానే చూసుకుంటాడట, మధ్యలో కాగితాలెందుకట. పెద్దమనుషులు కూర్చున్నారు, మాటలు పెరిగాయి. చివరికి కాలవ గట్టు పక్క చేను ఆమె పేరున రాసిచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద నిలబడి, ఇవాళ్టితో నాకు చెల్లెలు లేదని చెప్పి మోటారు సైకిలెక్కి వచ్చేశాడు. ఇచ్చిన చేను కోసం ఆయన ఎన్నడూ బాధపడలేదు. అడిగినందుకే ఆ కోపం.

అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు పోయాయి గానీ బస్తా ఆగలేదు. మా అత్తగారు కొడుకుతో ఒక్క మాటా అనకుండా, గుంటూరు మిర్చి యార్డుకి లోడు బయలుదేరే వేళకి దొడ్లోంచి ఆ బస్తా తెచ్చి వెనక వేయించేది. ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. ఎవరూ అప్పగించలేదు, నేనే ఎత్తుకున్నాను.

ఆడపడుచు ఇల్లు చిలకలూరిపేట దాటాక హైవే పక్క ఊళ్ళో. గుంటూరు యార్డుకి వెళ్ళే బండి ఎలాగూ ఆ గుమ్మం ముందు నుంచే పోవాలి. మా డ్రైవరు మా బజారువాడే, నన్ను అక్కా అని పిలుస్తాడు. అక్కడ బండి ఒక్క క్షణం ఆపి, బస్తా దించి, మళ్ళీ కదిలేవాడు. తిరుగు ప్రయాణంలో పోయిన ఏటి ఖాళీ గోనెసంచి మడత పెట్టి, అందులో ఒక సీసా చుట్టి ఇచ్చేది తను. సీసాలో పండుమిరప పచ్చడి ఉండేది. వాళ్ళమ్మ చేతి పాళ్ళు తనకే వచ్చాయి, నాకు ఎన్నేళ్ళయినా పట్టుబడలేదు. ఆ పచ్చడి మా ఆయనకి వేడివేడి అన్నంలో వడ్డించేదాన్ని. ఈసారి పచ్చడి బాగా కుదిరిందే అని మళ్ళీ వేయించుకునేవాడు. చింతపండు, మెంతిపొడి ఏ పాళ్ళలో పడ్డాయో చిన్నప్పటి నుంచీ తిన్న మనిషికి తెలియదా? తెలిసే తిన్నాడని నా నమ్మకం. ఎవరూ నోరెత్తి చెప్పలేదు కాబట్టి ఎరగనట్టు ఉండే వీలు ఆయనకి మిగిలింది. ఆ వీలు మీదే ఆ బస్తా అన్నేళ్ళు నడిచింది.

అప్పటి పికప్పు పాతది. ఎంత బరువెక్కిందో వెనక కమాను పట్టీలు వంగిన తీరు చూసి చెప్పుకునేవాళ్ళం. పట్టీలు తిన్నగా అయితే ఇంక చాలని, ఇంకో నాలుగు పడతాయని హమాలీలు ఎప్పుడూ వాదించుకునేవాళ్ళు. రెండు మూడుసార్లు దారిలో టైరు పేలింది. ఒకసారి ఓవర్‌లోడని చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. మిరప సీజను లేనప్పుడు మా ఆయన బండిని కిరాయికి తిప్పేవాడు, పత్తికి, పిడుగురాళ్ళ సున్నానికి. ఆ తిరుగుళ్ళలో కొందరు డ్రైవర్లు తనకి తెలియకుండా దారిలో పరాయి సరుకు ఎక్కించుకుంటున్నారని ఆయనకి ఎప్పుడూ గుబులే. అందుకని కిందటేడు పాతది ఇచ్చేసి కొత్తది తీసుకున్నాడు. దానికి వెనక ఇరుసు దగ్గర ఏవో సెన్సార్లు ఉన్నాయి. ఎంత బరువు ఎక్కిందో స్టీరింగు పక్క స్క్రీను మీద అంకె పడుతుంది. మోతాదు మించితే ఎర్రదీపం వెలిగి కీచుమంటుంది. అదంతా ఆయన ఫోనులోకీ వస్తుంది. బండి ఎక్కడ ఆగింది, ఆగినప్పుడెంత బరువుంది, కదిలినప్పుడెంత ఉంది, అన్నీ.

బండి ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టగానే బజారులోవాళ్ళందరినీ వెనక ఎక్కమన్నాడు. నేనొక్కదాన్నే ఎక్కితే స్క్రీను మీద అంకె ఏదో కొద్దిగా కదిలింది. ఈ ఇంట్లో నా మాటకున్న బరువు బండికి కూడా తెలిసిపోయిందన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత హమాలీలు ఎక్కారు, అంకె గబగబా లేచింది. ఆ మధ్యాహ్నమంతా ఎక్కించడం, దించడం, ఫోను చూపించడం. అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా కాలమైంది. దానివల్ల ఏం జరగబోతోందో నాకు తట్టనే లేదు.

ఆ ఏడు కాయకి నల్లతామర పురుగు తగిలింది. మంచికాయ తక్కువ, తాలు ఎక్కువ. ఆడపడుచు బస్తా నింపడానికి నేను కుప్పంతా తిరగేయాల్సి వచ్చింది. లోడు వెళ్ళే ముందు రోజు సాయంత్రం, కాయ విరక్కుండా పైపైన నీళ్ళు చిలకరించి, తెల్లారి తొక్కి నింపి, బస్తాలు కుట్టి ఎక్కించారు. మా ఆయన బస్తాలు లెక్కపెట్టుకుని, కమిషన్ కొట్టు దగ్గర ఉంటానని ముందు బస్సుకి గుంటూరు వెళ్ళాడు. డ్రైవరు, నేను ఆ ఒక్క బస్తా దొడ్లోంచి తెచ్చి వెనక వేశాం. స్క్రీను మీద అంకె మారింది. డ్రైవరు చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం దాన్ని పట్టించుకోలేదు. మాకు అది అలవాటైన పని, కొత్త బండి అయినంత మాత్రాన కొత్త పని కాలేదు.

యార్డులో బస్తాలు లెక్కకి సరిపోయాయి. ఫోనులో మాత్రం చిలకలూరిపేట దాటాక బండి ఆగిన చోట బస్తా బరువంత తగ్గి కనిపించింది. మా ఆయన అక్కడే బుర్ర పాడుచేసుకున్నాడు. లెక్క సరిగ్గా ఉంది, బరువు తగ్గింది. అంటే ఏమిటి? డ్రైవరు బండి పక్కకి తీసి, బస్తాబస్తాకీ కుట్టు సందులోంచి గుప్పెడు గుప్పెడు కాయ లాగి అమ్ముకున్నాడని తేల్చుకున్నాడు. మిరప బస్తాల మధ్య పుట్టి పెరిగిన మనిషికే అలాంటి అనుమానం వస్తుంది. బండి ఆగిన ఊరు పేరు ఆయన చూడలేదా, చూసి చూడనట్టు వదిలేశాడా, ఇప్పటికీ నేను అడగలేదు.

రాత్రి వచ్చి సరిగ్గా తినకుండా పడుకున్నాడు. పొద్దున్నే డ్రైవర్ని మా వాకిట్లోకి పిలిపించాడు. పాలకి వచ్చినవాళ్ళు, టీ బంకు దగ్గర ఉన్నవాళ్ళు పోగయ్యారు. నేను వంటింట్లో ఉన్నాను, అంతా వినిపిస్తోంది. ఏళ్ళ తరబడి అన్నం పెట్టిన ఇంటికి కన్నం వేశావని మా ఆయన అంటున్నాడు. డ్రైవరు వంటింటి గుమ్మం వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"మిషను తప్పు చూపించిందేమో అన్నా," అన్నాడు.

"మిషనుకి నీ మీద పగేంట్రా?" అన్నాడు మా ఆయన.

వాకిట్లో ఉన్న ఒక్కరు కూడా డ్రైవరు మాట నమ్మలేదు. ఆ మనిషి ఊళ్ళో అందరి పంటా మోసినవాడే. ఒకరి ఆసుపత్రికి, ఒకరి పెళ్ళికి బండి తీసుకెళ్ళినవాడే. నిన్నగాక మొన్న వచ్చిన అంకె ముందు అదంతా ఎవరికీ గుర్తు రాలేదు. ఫోను చేతులు మారుతోంది, అందరూ అందులోకి తొంగిచూసి తలలాడిస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పేరు చెప్పి డ్రైవరు బయటపడొచ్చు, చెప్పడం లేదు. ఇంకొక్క నిమిషం నేను లోపల ఉంటే ఆ మనిషి జీవితాంతం దొంగే. పొయ్యి ఆపి బయటికొచ్చాను.

"ఆ బస్తా నేను పంపానండీ. మీ చెల్లెలికి."

ఎవరి చేతిలోనో ఉన్న ఫోను మా ఆయన తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పాల చెంబులు పట్టుకుని జారుకున్నారు. డ్రైవరు వెళ్తానక్కా అని నాకు చెప్పి వెళ్ళాడు. తిట్టినంత గట్టిగా తప్పయిందని మా ఆయన చెబుతాడేమోనని చూశాను, చెప్పలేదు.

ఆయన లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"అమ్మ కూడానా?"

"అత్తయ్య ఉన్నన్నాళ్ళూ అత్తయ్యే. తర్వాత నేను."

"నలుగురి ముందూ చెప్పేశావు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

చెల్లెలు లేదని ఊరందరికీ చెప్పినవాడు ఇప్పుడు ఊరందరికీ తెలిసి బస్తా పంపలేడు. ఆపమంటే కన్నతల్లి పంపినదాన్ని ఆపినవాడవుతాడు. చెప్పినందుకు నేను చింతించను, మళ్ళీ అదే జరిగితే మళ్ళీ చెబుతాను. కానీ నేను కాపాడాలనుకున్న రెండింటిలో ఒకటే కాపాడగలిగానని ఆ పూటే అర్థమైంది.

ఆయన తింటున్నాడు, చేనుకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. ఒక సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, వాళ్ళక్కడ బాగానే ఉన్నారా అని అడిగాడు. అంతే అన్నాడు. బాగానే ఉన్నారు, మీ మేనకోడలు ఈ ఏడు కాలేజీలో చేరిందని చెప్పాను. ఊఁ అన్నాడు. ఆ ఊఁని పట్టుకుని నేను ఆ రాత్రంతా ఏవేవో కట్టుకున్నాను. మూడో కోత బస్తా తనే ఎక్కించి పంపుతాడేమో అనుకున్నాను. ఆడపడుచుకి ఫోను చేసి చెబుదామనుకుని, ఇంకాస్త గట్టిపడనీ అని ఆగాను.

నేను చెప్పేలోపు వేరే మాట ఆమె చెవిన పడింది. డ్రైవరు అత్తగారి ఊరు అటువైపే. నీకు పంపిన కాయ వల్ల ఫలానావాణ్ణి వాకిట్లో నిలబెట్టి దొంగన్నారని ఎవరో చేరేశారు.

మూడో కోత లోడుకి డ్రైవరు వచ్చాడు. ముందే ఒప్పుకున్నానక్కా, ఈ ఒక్కటీ దింపేసి మానేస్తానన్నాడు. మా ఆయన ఆ రోజు యార్డుకి వెళ్ళలేదు. తాలుకాయ బేరానికి ఎవరో వస్తారని కల్లం దగ్గరే ఉన్నాడు. నేను అన్నం తీసుకెళ్ళేసరికి ఫోను చూస్తున్నాడు. ఇలా రా అని పిలిచాడు. బండి చిలకలూరిపేట దాటి ఆగింది. అంకె పెరిగింది. పరాయి సరుకు ఎక్కించుకున్నాడు చూశావా అని మొదట అన్నాడు. తర్వాత ఆగిన చోటు పేరు చూశాడు, చెల్లెలి ఊరే. తెచ్చిన అన్నం ముట్టుకోలేదు.

సాయంత్రం ఖాళీ బండి వచ్చింది. వెనక ఒకే బస్తా ఉంది. డ్రైవరు దాన్ని దించి మా అరుగు మీద పెట్టి, తాళాలు మా ఆయన చేతికిచ్చి వెళ్ళిపోయాడు. నేను పంపిన గోనెసంచే. మూతి దబ్బనంతో పురికొస వేసి, సందు లేకుండా దగ్గర దగ్గరగా కుట్టి ఉంది. ఆ కుట్టు నేను గుర్తుపడతాను. నాకు కుట్టడం నేర్పింది ఆ చెయ్యే.

మా ఆయన పురికొస కోసి మూతి విప్పాడు. పై కాయలకి తొడిమలు లేవు. గుప్పెడు లోపల నుంచి తీస్తే వాటికీ లేవు. మిల్లుకి వేయడానికి ఎండబెట్టి, కూర్చుని ఒక్కొక్క కాయకీ తొడిమ ఒలిచి పెట్టుకుందన్నమాట. ఈలోగా ఆ కబురు వెళ్ళింది. కాయల మధ్యలో ఒక పాత చీర చెంగు మూట తగిలింది. పచ్చడి ఉందేమోనని నాకు ఒక్క క్షణం ఆశ కలిగింది. ఆయన ముడి విప్పాడు. అందులో తొడిమలున్నాయి. ఒలిచిన తొడిమలు పారేయకుండా, ఊడ్చి, మూటగట్టి, కాయలతో పాటు వెనక్కి పంపింది. బరువు తగ్గకూడదని.

ఆయన ఆ మూట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు. నేను లోపలికి వెళ్ళి ఆడపడుచుకి ఫోను చేశాను. మొదటిసారికే ఎత్తింది. ఏడవడం లేదు, గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది. తొడిమలెందుకు పంపావమ్మాయ్, మనసెలా ఒప్పిందని అడిగాను.

"పంపకపోతే మళ్ళీ ఎవరో ఒకర్ని వాకిట్లో నిలబెడతారు వదినా. ఇంక నాకేమీ పంపొద్దు. పంపితే వచ్చింది వచ్చినట్టు తిరిగొచ్చేస్తుంది."

అది మీ అమ్మ పెట్టిన ఆనవాయితీ, మీ అన్నయ్య మనసు కరుగుతోంది, మొన్ననే మీ గురించి అడిగాడని చెప్పాను. అన్నయ్యని జాగ్రత్తగా చూసుకో వదినా, ఎండల్లో తిరుగుతాడు అని పెట్టేసింది. తర్వాత నేను చేసిన ఫోన్లు ఎత్తుతోంది. పిల్లల సంగతి, వానల సంగతి మాట్లాడుతుంది. మిరపకాయ మాట వస్తే పొయ్యి మీద పాలు ఉన్నాయంటుంది.

తొడిమ తీసిన కాయ నిలవుండదు. నేనే దాన్ని మిల్లుకి పంపి కారం పట్టించాను. ఆ ఏడంతా మేమే తిన్నాం. మంచి రంగు వచ్చింది. ఎప్పుడు డబ్బా మూత తీసినా నాకు దుఃఖం వచ్చేది. ఆయన ఎన్నడూ కూర బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఈ ఏడు డ్రైవరు లేడు. వేరే ఊళ్ళో ట్రాక్టరు తోలుతున్నాడని విన్నాను. మా ఆయనే బండి నడుపుకుంటున్నాడు. పంట కిందటేటి కంటే నయం. రెండో కోత కాయ ఎండాక, ఎవరూ చెప్పకుండానే కల్లంలో కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ఎందుకు ఏరుతున్నావని నన్ను నేనే తిట్టుకున్నాను గానీ చేతులు ఆగలేదు. బస్తా నిండింది. దాన్ని దాచలేదు, దొడ్లోకి తీసుకెళ్ళలేదు. ఆయన కంటపడేలా కల్లం మధ్యలోనే నిలబెట్టాను.

ఎక్కించడం అయ్యాక హమాలీలు దిగారు. ఆయన వచ్చి ఆ బస్తా దగ్గర నిలబడ్డాడు. పైకాయ ఒకటి తీసి చెవి దగ్గర ఆడించి చూశాడు. రెండు చేతులా బస్తా అంచు పట్టుకున్నాడు, ఎత్తబోతున్నాడనే అనుకున్నాను. నేను రెండో పక్క పట్టుకోవడానికి లేచాను.

"పంపితే ఉంచుకుంటుందా?" అని అడిగాడు.

చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. ఉంచుకుంటుందని అబద్ధం చెప్పి ఉండొచ్చు. దారిలో దించేవాడు, రేపో ఎల్లుండో ఎవరి బండి మీదో అది మళ్ళీ మా అరుగు మీదికి వచ్చేది. తొడిమల మూటని ఆయన ఇంకొకసారి విప్పి చూడగలడని నాకనిపించలేదు. ఉంచుకోదండీ అన్నాను.

తలూపి చేతులు తీసేశాడు. బండెక్కి స్టార్టు చేసి, స్క్రీను వైపు చూసుకుని వెళ్ళిపోయాడు. నేను బస్తాని వంచి, మిగిలిన కుప్ప మీద కాయలన్నీ గుమ్మరించాను. చేత్తో నాలుగుసార్లు సర్దేసరికి ఏరినవేవో, ఏరనివేవో నాకే తెలియలేదు.